టాటామొబైల్‌కి సూమో సామాను: బెజవాడ ఆటోనగర్ పని మీద నా రివ్యూ

పాత టాటామొబైల్ పికప్ ఇంట్లో ఉండి, అమ్మాలా ఉంచాలా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను. దాన్ని నిలబెట్టాలంటే ఒక్కో సామాను కోసం ఊళ్ళు తిరగొద్దు. నడుస్తున్న పాత సూమో ఒకటి మొత్తంగా కొని, దాని సామాను దీనికి వేయించడానికి రెండు బళ్ళూ బెజవాడ జవహర్ ఆటోనగర్‌కి తోలుకెళ్ళండి. మేం చేయించింది అదే, బండి మళ్ళీ చెరువుల మీదకి వెళ్తోంది. ఆటోనగర్‌లో ఇంజిన్ పనికి, కమాన్ల (స్ప్రింగు పట్టీల) పనికి, లేతు పనికి పూర్తి మార్కులు. టింకరింగుకి (రేకు పనికి) కాస్త తక్కువ. వైరింగుకి మార్కులు వెయ్యలేను.

మాది కైకలూరు. చేపపిల్లల సరఫరా, మేత, పట్టుబడి రోజుల్లో ఐసు, ట్రేలు. బండి 1993 మోడల్ టాటామొబైల్ 206, మా మావగారు కొన్నది. తోలేది మా ఆయన, లెక్కలూ బేరాలూ నావి. కొత్త పికప్ తీసుకోమని అందరూ అన్నారు. వాయిదాలు ఒక కారణం, కానీ అసలు కారణం తొట్టి ఎత్తు. మా పాత బండి తొట్టి నడుము దగ్గరికి వస్తుంది. నీళ్ళు కారుతున్న ట్రే ఎత్తి పెట్టేవాళ్ళకి కొత్త పికప్‌తో వచ్చే జానెడు తేడా రోజంతా పని చేస్తే తెలుస్తుంది. ఇంకోటి, ఇరుకు గట్ల మీద వెనక్కి తోలాల్సి వచ్చినప్పుడు ఆ బండి వెడల్పు మాకు సరిగ్గా సరిపోతుంది.

సూమోనే ఎందుకంటే, టాటామొబైల్ టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) వాళ్ళు 1988లో పుణె ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పికప్. అదే వేదిక మీద, అంటే కింద సామాను ఉమ్మడిగా, 1991లో సియెరా, 1992లో ఎస్టేట్ అనే కార్లు, 1994లో సూమో వచ్చాయి. 1948 సీసీ డీజిల్ ఇంజిన్ ఈ కుటుంబం అంతటికీ ఉమ్మడి ఆస్తి. టాటామొబైల్ ఆగిపోయి చాలా కాలమైంది. సూమో మాత్రం రకరకాల రూపాల్లో 2019 దాకా తయారైంది, పైగా మన పల్లెల్లో పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రులకీ, ఎన్నికలకీ తిరిగిన బండి అదే. అందుకే తుక్కు కొట్లలో ఇవాళ్టికీ దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, పైతొడుగు వేరు. బానెట్టు, డోర్లు కావాలంటే సియెరావో ఎస్టేట్‌వో వెతకాలి, టాటామొబైల్ ముఖం వాటికే ఉంది. అవి ఇప్పుడు దొరకడం కష్టం, దొరికితే పాతబళ్ళ మీద ప్రేమ ఉన్నవాళ్ళు ధర పెంచేసి ఉన్నారు. మా డోర్లు బాగున్నాయి కాబట్టి మాకు ఆ అవసరం రాలేదు.

మొత్తం బండి కొనమని ఎందుకు అంటున్నానో చెప్తాను. ఇంజిన్ ఒక్కటే కొంటే ఇంజినే వస్తుంది. దాన్ని పట్టుకునే బ్రాకెట్లు, రబ్బరు మౌంటింగులు, రేడియేటర్ గొట్టాలు, యాక్సిలరేటర్ కేబులు, గేర్ రాడ్డు, క్లచ్ సామాను, సైలెన్సర్ మెడ, డైనమో బిగించే పట్టీ, వీటిలో ఏది రాకపోయినా పని ఆగుతుంది. కొట్లో ఇంజిన్ ధర అడిగితే వినసొంపుగానే ఉంటుంది, ఆ చిల్లర సామాను విడిగా అడిగినప్పుడు చుక్కలు కనిపిస్తాయి. పైగా నడిచే బండి అయితే కొనేముందు స్టార్ట్ చేసి చూసుకోవచ్చు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. ఆయిల్ పోసే మూత తీసి పొగ ఎంత తన్నుతోందో చూడండి. రేడియేటర్ నీళ్ళలో నూనె తేలుతోందేమో చూడండి. వేడెక్కిన బండి చూపించి బేరం చేసేవాళ్ళ దగ్గర కొనకండి.

మాకు గుడివాడ వైపు ఒకాయన దగ్గర టర్బో లేని సూమో దొరికింది. పైన రేకు అంతా పోయింది, కింద సామాను బాగుంది. మాకు కావాల్సిందే అది. ఎనభై వేల పైచిలుకు పడింది. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద నంబర్లతో సరిపోయాయో లేదో టార్చి వేసి చదివాకే డబ్బిచ్చాను. ఫైనాన్స్ బాకీ తీరిన కాగితం, అమ్మకపు రసీదు, ఆయన ఆధార్ నకలు తీసుకున్నాను. తుక్కు కొట్లో కాగితం లేని ఇంజిన్ సగం ధరకే ఇస్తామంటారు. అది ఎవరి దొంగ బండిదో మనకి తెలీదు. తర్వాత ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించడానికి ఆ రసీదే ఆధారం. సగం ధర ఆశకి పోవద్దని గట్టిగా చెప్తున్నాను.

ఇక ఆటోనగర్. లారీ బాడీలు కట్టడంలో దేశంలోనే పేరున్న చోటు అది. అక్కడ ఒకే షెడ్డులో అన్నీ చేసేవాళ్ళు తక్కువ. ఇంజిన్ ఒకరు, డీజిల్ పంపు ఒకరు, లేతు ఒకరు, కమాన్లు ఒకరు, టింకరింగ్ ఒకరు, సెల్ఫ్-డైనమో ఒకరు, సీట్లు ఒకరు. కొత్తగా వెళ్ళినవాళ్ళకి ఇది గందరగోళం, నాకు మాత్రం ఇదే ఆ చోటు బలం అనిపించింది. ప్రతి మనిషీ జీవితమంతా ఆ ఒక్క పనే చేశాడు. మీరు చేయాల్సిందల్లా పెద్ద మేస్త్రి ఒకరిని పట్టుకోవడం. మాకు దొరికిన ఇంజిన్ మేస్త్రిని అందరూ సాయిబుగారు అంటారు. ఎవరి దగ్గరికి ఏది పంపాలో ఆయనే చెప్పారు, కుర్రాణ్ణి తోడిచ్చి పంపారు.

ఆయన మొదట ఇంజిన్ ముట్టుకోలేదు. సుత్తి తీసుకుని చాసిస్ కింద దూరారు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చిన్నగా కొట్టుకుంటూ పోయారు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొంగురుగా పలుకుతుంది. వెనక కమాను తగిలే చోట, క్యాబిన్ వెనక క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) దగ్గర బొంగురు పలికింది. ముప్పై ఏళ్ళ ఐసు నీళ్ళు, ఉప్పు, చేపల రక్తం తొట్టిలోంచి కారి అక్కడే నిలిచాయి. "అమ్మా, ఇది బాగయ్యే చాసిస్సే. ఇది పోయుంటే మాత్రం ఇంజిన్ మీద పైసా పెట్టనిచ్చేవాణ్ణి కాదు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

చాసిస్ అతుకు వేసే పద్ధతి చూడముచ్చటగా ఉంది. తుప్పు తిన్న భాగాన్ని మంచి ఇనుము వచ్చేదాకా కోసి, లోపల శుభ్రం చేసి, పైన ప్లేటు వేశారు. ఆ ప్లేటు చివరలు నిలువుగా కొయ్యలేదు, ఏటవాలుగా కోశారు. నిలువు గీతలో వెల్డింగ్ చేస్తే బరువు పడ్డప్పుడు ఆ గీత మీదే పగులు వస్తుందట. కొత్త రంధ్రాలు కొట్టాల్సినప్పుడు కూడా చాసిస్ దూలం నిలువు గోడ మీదే కొట్టారు, పైరెక్క కింది రెక్క జోలికి పోలేదు. బరువంతా లాగేది ఆ రెక్కలే. వెల్డింగ్ మొదలెట్టే ముందు బ్యాటరీ తీగలు, డైనమో తీగలు ఊడదీశారు. మీరు ఏ షెడ్డుకి వెళ్ళినా ఈ మూడూ గమనించండి. చేస్తే కూర్చోండి, చెయ్యకపోతే బండి తీసుకుని వచ్చెయ్యండి.

ఇంజిన్ సూమోది పూర్తిగా విప్పారు. నడుస్తున్న ఇంజిన్ కదా, అలాగే ఎక్కించెయ్యొచ్చు కదా అని మా ఆయన అడిగారు. బయట ఉన్నప్పుడు విప్పితే ఒక కూలి, బండిలోకి ఎక్కాక విప్పితే రెండు కూలీలు అన్నారు సాయిబుగారు. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) కొలిచారు, అరుగుదల హద్దులోనే ఉంది. రింగులు, బేరింగులు, ఆయిల్ సీళ్ళు కొత్తవి. హెడ్డు ఫేసింగ్ చేయించి, వాల్వులు గ్రైండ్ చేయించారు. హీటర్ ప్లగ్గులు నాలుగూ మార్చారు. ఈ ఇంజిన్లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద కాకుండా హెడ్డులోని చిన్న గదిలో పడి అంటుకుంటుంది, కాబట్టి చలికాలం పొద్దున హీటర్లు బాగా లేకపోతే సెల్ఫ్ అరిచి అరిచి బ్యాటరీ చచ్చిపోతుంది.

టర్బో సూమో ఎందుకు తీసుకోలేదని చాలామంది అడిగారు. ఇదే 1948 సీసీకి టర్బో పెట్టి 90 హార్స్‌పవర్ దాకా తెచ్చింది కంపెనీ. హైవే మీద తిరిగేవాళ్ళకి బాగుంటుందేమో. మాది గట్టు మీద రెండో గేరు బతుకు. టర్బోతో పాటు ఇంటర్‌కూలర్, దాని గొట్టాలు, పెద్ద వేడి, అన్నీ ఆ చిన్న ముఖంలో సర్దాలి. పైగా ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ రకం నుంచి దూరం జరిగినకొద్దీ ఆర్‌టీవో ఆఫీసులో మెట్లు ఎక్కువవుతాయి.

పంపు గది గురించి రెండు మాటలు. రోటరీ పంపు, నాజిళ్ళు టెస్టింగ్ బల్ల మీద పెట్టి మన కళ్ళ ముందే కొట్టించి చూపిస్తారు. నాలుగు నాజిళ్ళలో ఒకటి పొగమంచులా చిమ్మకుండా ధారలా కార్చింది. దాని మొన మార్చారు. ఆ ధార కారే నాజిలే నల్లపొగకి మూలం. పాత డీజిల్ బండికి పొగ పరీక్షలో 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత) దాటకూడదు. మా బండి సుఖంగా దాని కిందే వచ్చింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది లేతు షెడ్డు. సూమో గేర్‌బాక్స్ పెట్టాం, వెనక హౌసింగు (వెనక ఇరుసు పెట్టె) మాత్రం మా బండిదే ఉంచాం. అది బరువు కోసం పుట్టింది, లోపలి పళ్ళచక్రాలు, క్రౌన్-పినియన్ కూడా బాగున్నాయి. దాంతో ఆ రెండిటినీ కలిపే జాయింట్ షాఫ్టు పొడవు కుదరలేదు. లేతు మేస్త్రి బండి కిందకి వచ్చి, తొట్టిలో బరువు వేయించి, కమాన్లు దిగాక కొలత తీసుకున్నాడు. ఖాళీ బండికి కొలిస్తే బరువు వేసినప్పుడు షాఫ్టు లోపలికి గుద్దుకుంటుందట. గొట్టం కోసి, లేతు మీద నిలబెట్టి, వంకర లేకుండా అతికాడు. రెండు చివరల యోక్‌లు (జాయింటుని పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉండేలా ముందే గీత గీసుకున్నాడు. ఆ వరస తప్పితే షాఫ్టు ఎంత తిన్నగా ఉన్నా బండి వణుకుతుంది. తర్వాత బ్యాలెన్సింగ్. గుడివాడ రోడ్డు మీద వేగంగా వచ్చినా స్టీరింగు మీద ఏ వణుకూ లేదు. ఇంత పనికి అతను అడిగిన కూలి చాలా తక్కువ. నేను బేరమాడలేదు.

కమాన్ల షెడ్డు కూడా అంతే. పట్టీలు విప్పి, విరిగినవి తీసేసి, మిగిలినవాటిని కొలిమిలో కాల్చి ఒంపు తిప్పి, నూనెలో ముంచారు. చల్లగానే సుత్తితో బాది ఒంపు తెచ్చే షెడ్లు కూడా ఉన్నాయి, అవి చవక, కాని నాలుగు లోడ్లకి మళ్ళీ పడిపోతాయి. అడిగి తెలుసుకుని ఇవ్వండి. సెంటర్ బోల్టు, యూ బోల్టులు, బుష్షులు మాత్రం కొత్తవే వేయించండి.

బ్రేకుల్లో నేను అసలు రాజీ పడలేదు. సూమోది బూస్టర్ తీసుకున్నాం, కాలిపర్లు తీసుకున్నాం, లోపలి రబ్బర్లు, మాస్టర్ సిలిండర్, ఇనుప పైపులు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి. పాత పైపులు పైకి బాగానే కనిపిస్తాయి. క్లిప్పు తీసి చూడండి, దాని కిందే తుప్పు ఉంటుంది.

టింకరింగుకి తక్కువ మార్కులు ఎందుకంటే, మనిషి పనిమంతుడే, కాని తొందరెక్కువ. తొట్టి అడుగు మొత్తం తీసేసి మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకు వేయించాం. అల్యూమినియం చెక్కర్ ప్లేటు వేద్దాం, తుప్పు పట్టదు, తళతళలాడుతుంది అన్నాడతను. ఇనుప అడ్డపట్టీల మీద అల్యూమినియం ఆనిస్తే, మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే, అల్యూమినియం పొడి పొడిగా రాలిపోతుంది. మా ఊళ్ళో చేపల బళ్ళ మీద ఎన్నో చూశాను. రెండిటి మధ్యా రబ్బరు పరిచి చుట్టూ సీలు చేస్తే సరే, అంత ఓపిక ఉన్న పని కాదది. అందుకే ఇనుమే అన్నాను. నీళ్ళు పోవడానికి మూలల్లో రంధ్రాలు, ఆ రంధ్రాలకి కింద చిన్న గొట్టాలు పెట్టించాను, నీళ్ళు చాసిస్ మీద పడకుండా బయటికి పోయేలా. పుట్టీ మీద మాత్రం గొడవైంది. క్యాబిన్ అడుగున రేకు వెయ్యాల్సిన చోట పుట్టీ మెత్తి రంగు కొట్టబోతుంటే ఆపించాను. అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. అతుక్కోని చోట పుట్టీ ఉన్నట్టు. ఎపాక్సీ ప్రైమర్ వేయించండి, రెడ్ ఆక్సైడ్ ఒక్కటే మా ఐసు నీళ్ళకి ఆగదు. రంగులు ఆరాక చాసిస్ పెట్టెల్లోకి వాడేసిన ఇంజిన్ ఆయిల్ పిచికారీ చేయించాం. అది పాత పద్ధతే, ఏటా వానాకాలం ముందు మళ్ళీ కొట్టించాలి.

వైరింగ్ చేసిన షెడ్డు పేరు రాయను. సూమో నుంచి వైరింగ్ మొత్తం చెక్కుచెదరకుండా దింపి ఇచ్చాం. దాన్ని అలాగే పరచాల్సింది పోయి, మధ్యలో కోసి, మా పాత తీగలకి మెలిపెట్టి టేపు చుట్టి ఇచ్చారు. ఇంటికొచ్చాక సెల్ఫ్ నీరసంగా తిరగడం మొదలైంది. బ్యాటరీ కొత్తదే. మా ఆయన యాక్సిలరేటర్ కేబులు పట్టుకుంటే చెయ్యి కాలింది. సాయిబుగారికి ఫోన్ చేస్తే చూడకుండానే చెప్పారు: "ఇంజిన్ నుంచి చాసిస్‌కి ఎర్త్ పట్టీ వెయ్యలేదమ్మా." ఇంజిన్ కూర్చున్నది రబ్బరు మౌంటింగుల మీద. ఎర్త్ పట్టీ లేకపోతే సెల్ఫ్ లాగే కరెంటంతా దొరికిన దారిన తిరిగి రావాలి, ఆ దారి ఆ కేబులే. చిన్న రాగి పట్టీ, అది లేకపోతే బండి తగలబడిపోవచ్చు. ఇంజిన్ మార్చిన ప్రతి ఒక్కరూ మొట్టమొదట చూడాల్సింది ఇదే. తర్వాత కైకలూరులోనే ఒక కుర్రాడి చేత మొత్తం విప్పించి, ప్రతి లైనుకీ ఫ్యూజు, హెడ్‌లైట్లకి రిలేలు పెట్టించాం. ఆ కుర్రాడి పని ఆటోనగర్ పనికన్నా శుభ్రంగా ఉంది.

కాగితాలు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండి మార్పుల గురించి. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు సొంతంగా చెయ్యకూడదు. ఇంజిన్ మార్చే ముందే ఆర్‌టీవో ఆఫీసులో అడిగాం, మార్చాక 14 రోజుల్లోగా తెలియజేశాం. అదే కంపెనీ, అదే డీజిల్, అదే సీసీ కావడం వల్ల నంబరు మార్పు తప్ప పెద్ద చిక్కు రాలేదు. చాసిస్ నంబరు ఉన్న భాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కొయ్యనివ్వొద్దు, గ్రైండర్ తగలనివ్వొద్దు, రంగు మందంగా కొట్టనివ్వొద్దు. విప్పేసిన సూమో సంగతి కూడా తేల్చుకోవాలి. బండి ఇక పనికిరాదని 55వ సెక్షన్ కింద దాని యజమాని తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి. అమ్మినాయన చేత ఆ సంతకాలు ముందే పెట్టించుకున్నాను. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్ళినప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టర్ గారు కిందకి వంగి చాసిస్ అతుకులు చూసి, ఎక్కడ చేయించారని అడిగారు. సరుకు బండి, ఎనిమిదేళ్ళు ఎప్పుడో దాటింది కాబట్టి ఎఫ్‌సీ ఏటా తప్పదు.

ఖర్చు సూమోతో కలిపి మూడు లక్షలకి కాస్త అటూ ఇటూ. అందులో మిగిలిన సూమో రేకు, సీట్లు, అద్దాలు, వెనక హౌసింగు అమ్మితే కొంత వెనక్కి వచ్చింది. హౌసింగు తొందరపడి కాటాకి వెయ్యకండి, ఇనుము ధరకి రెట్టింపు ఇచ్చి కొనేవాళ్ళు ఆటోనగర్‌లోనే ఉంటారు. రెండో బండి విప్పేటప్పుడు దగ్గర మన మనిషి ఉండాలి. ప్రతి బోల్టూ డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి పెట్టుకున్నాను. ఏదైనా పాత సామాను కావాల్సి వస్తే ఫొటో తీసుకుని కొట్టుకి వెళ్ళకండి, ఆ సామానే పట్టుకెళ్ళి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, గట్టు ఎక్కేటప్పుడు రొప్పడం లేదు. రెండో గేరులో నిండు ఐసుతో నిలబడి మళ్ళీ కదులుతోంది. స్టీరింగు ఇంకా బరువే. పవర్ స్టీరింగ్ ఉన్న సూమో దొరికితే మీరు అదే తీసుకోండి, పంపు బ్రాకెట్టు ఇంజిన్‌తోనే వచ్చేస్తుంది. మాకు దొరికినదానికి లేదు. డీజిల్ మునుపటికన్నా తక్కువ తాగుతోంది. క్యాబిన్లోకి ఇంజిన్ వేడి కొద్దిగా వస్తోంది, ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకి) లోపల ఫెల్టు వేయించాలి. ఆ పని సీట్ల షెడ్డులో చేస్తారట, సంక్రాంతి రద్దీ తగ్గాక వెళ్తాం.